మునగచెట్టు మీది కాపలాదారు

పైడమ్మ పెరట్లో గద్ద దూకి రెండు కోడిపిల్లల్ని తన్నుకుపోయింది. ఆ రోజు నుంచి చుక్కలపెట్టకి నిద్ర లేదు. మిగిలిన పిల్లల్ని రెక్కల కిందే పెట్టుకు తిరిగేది.

అప్పుడు మునగచెట్టు మీంచి కాకి దిగింది.

"అక్కా, నీ ఏడుపు చూళ్లేకపోతున్నాను. ఇకనుంచి కాపలా నాది. గద్ద కనబడితే అరుస్తాను, మీరంతా గూట్లో దూరండి. నాకు జీతం వద్దు, సేవ చాలు."

పుంజు పొంగిపోయి, కాకిని అక్కడికక్కడే 'పెరటి రక్షకుడు' చేసేసింది.

మర్నాడు పైడమ్మ నూకలు చల్లి లోపలికెళ్లిందో లేదో, "గద్దొచ్చె! గద్దొచ్చె!" అని కాకి గగ్గోలు పెట్టింది. కోళ్లన్నీ గూట్లోకి పరుగు. బయటికొచ్చేసరికి నేల నాకేసినట్టుంది.

"పాపిష్టి గద్ద, గింజ కూడా మిగల్చలేదు" అంది కాకి, ముక్కు కొమ్మకి రాసుకుంటూ.

"గద్ద నూకలు తింటుందా మావా?" చుక్కలపెట్ట పుంజు చెవిలో అడిగింది.

"రక్షణ విషయాల్లో ప్రశ్నలేమిటే? బతికున్నావా లేదా?" కసిరింది పుంజు.

రోజూ అదే వరస. పిల్లలు ఆకలికి సోలిపోతున్నాయి. ఒకనాడు పెట్ట గూటి సందులోంచి తొంగి చూసింది. ఆకాశం ఖాళీ. పెరడు నిండా కాకి చుట్టాలు. కోపం వచ్చినా బయటపడలేదు.

"తమ్ముడూ, భయంతో కాళ్లాడటం లేదు. ఇక మేం గూడు దాటం" అంది కాకితో.

"అదీ తెలివంటే! మేత కోసం ప్రాణం పోగొట్టుకుంటామా?" కాకి మురిసిపోయింది.

తెల్లారి పైడమ్మ పిలిచినా ఒక్క కోడీ కదల్లేదు. "ఏం తెగులొచ్చిందే మీకు!" అని విసుక్కుంటూ, నూకల పళ్లెం గూట్లోకి తోసి, చువ్వల తలుపు వేసేసింది. పిల్లలు పళ్లెం మీద పడ్డాయి. చువ్వల మధ్య ముక్కు పెట్టిన కాకిని పెట్ట గట్టిగా ఒక్క పోటు పొడిచింది.

"అక్కా, బయటికి రండి! ఆకాశంలో ఏమీ లేదు, నీమీదొట్టు!"

"నిన్న గద్దలు బారులు తీరాయన్నావు కదయ్యా?" నోటి నిండా నూకలతో అడిగింది పుంజు.

"అవా... మబ్బులు. అసలీ చుట్టుపక్కల గద్దే లేదు!"

పుంజు మింగడం ఆపింది. గొంతు సవరించుకుని, పుంజు రక్షకుడి పదవి రద్దు చేసింది. ఆనాటి నుంచి తల ఎత్తి ఆకాశం చూసుకునే పని పెట్టలే వంతులవారీగా చేసుకున్నాయి.

అస్తమానం భయపెట్టే కాపలాదారు చూపు ఆకాశం మీద కాదు, మన కంచం మీద ఉంటుంది.