ఖాళీ మేకు

అనగనగా మంచు మొహమే ఎరగని ఒక బొగ్గుగనుల ఊళ్ళో ఒక మైథిలి ఉండేది. నవ్వకు, నువ్వు కాదులే, ఇంకో మైథిలి. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు.

ఆ మైథిలివాళ్ళ తాత ముప్పై ఏళ్ళు గనిలో పనిచేశాడు. కింద ఒకటే ఉక్కపోత అని చెప్తుండేవాడు. అప్పుడు ఆ పిల్ల, "తాతా, నీకు చల్లటి గని కట్టిస్తా ఉండు" అంది. డబ్బాడు ప్లాస్టిక్ ఇటుకలు చాపమీద బోర్లించింది. తెల్ల ఇటుకలతో మంచుకొండ, బూడిదరంగు వాటితో పట్టాలు, కొండ కడుపులో నీలం మణులు, వాటికి కాపలాగా ఒక బుల్లి డ్రాగన్. మణులు తవ్వడానికి ముగ్గురు బుల్లి మనుషులు: ఎర్రటోపీ, నీలంటోపీ, చెయ్యి ఊడిపోయిన పచ్చటోపీ.

మొదటిరోజు కొండ ఎత్తుగా కట్టింది. మంచు బరువుకి కప్పు కూలింది. "ముందు కప్పుకి ఊతం పెట్టాలమ్మా" అన్నాడు తాత.

రెండోరోజు ఊతాలు పెట్టింది. అయినా ఓ మూల కూలింది. అప్పుడు తాత, "లోపలికి పోయేముందు కప్పుని తట్టి వినాలి. డొల్లగా మోగిన చోట ఇంకో ఊతం వెయ్యాలి" అన్నాడు. పెన్సిల్‌తో టకటకా తట్టి చూసుకుంది.

ఆ తర్వాత మూడోరోజుకి కొండ నిలబడింది. అబ్బ, ఎంత బావుందో! మర్నాడు స్నేహితులంతా చూడ్డానికి వస్తామన్నారు. అప్పుడు తాత గని గుమ్మంలో మూడు మేకుల బోర్డు పెట్టించి, మూడు గుండ్రటి బిళ్ళలు తగిలించాడు. "దిగేవాడు తన బిళ్ళ తీసుకెళ్ళాలి. పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట."

ఆరోజు సాయంత్రం ఆట అయ్యాక ఎర్రటోపీ వచ్చాడు, నీలంటోపీ వచ్చాడు. మూడో మేకు ఖాళీ! పచ్చటోపీ కొండ అడుగున ఎక్కడో ఇరుక్కుపోయాడు. వేలు పెడితే అందడు, ఊపితే రాడు.

"రేపు తీద్దువుగాని, అన్నానికి రా" అంది వాళ్ళమ్మ.

మైథిలి కొండవైపు చూసింది. మూడురోజుల కష్టం మరి. ఖాళీ మేకువైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఆ తర్వాత రెండు చేతులతో కొండని విప్పేసింది. మణులో మూలకి, డ్రాగనో మూలకి. అడుగున పచ్చటోపీ బిళ్ళతో సహా దొరికాడు. ఆ బిళ్ళ మేకుకి తగిలించాక గానీ ఆ పిల్ల కంచం ముందు కూర్చోలేదు.

తాత అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "నా బిళ్ళ కూడా ఒకరోజు తిరిగి రాలేదమ్మా. కప్పు కూలి లోపలే ఉండిపోయా. పైనున్నవాళ్ళు ఖాళీ మేకు చూసి, ఒక్కడూ ఇంటికి పోకుండా తవ్వారు" అన్నాడు.

అవునే తల్లీ, ఆ మైథిలివి నువ్వే. ఇవాళ నువ్వు కొండ విప్పుతుంటే వంటింట్లోంచి చూస్తూనే ఉన్నా. ఆనాడు తవ్వినవాళ్ళని ఇప్పటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు పేరుపేరునా తలుచుకుంటా. వాళ్ళ దయవల్లే నాకు మీ తాత మిగిలాడు, ఆ తర్వాత మీ అమ్మ పుట్టింది, నువ్వొచ్చావు. రేపు నీ స్నేహితులొచ్చి కొండేదని అడిగితే, పచ్చటోపీని చూపించు.

బిళ్ళ మేకుకి, బొమ్మ గూటికి,
కథ కంచికి, కన్ను నిద్దరకి.