ఎనిమిదో రూపాయి

అనంతదాసు గారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా ముందు ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పనిలోంచే రావాలి. రాకపోతే ఇంకో పని.

వారి శిష్యుడు పెంటయ్య. ఆశ్రమానికి రాకముందు ఆరేళ్లు కల్లు దుకాణమే ఇల్లుగా బతికినవాడు. మానేసి ఏడాదైనా ఆ సిగ్గు వదల్లేదు. హారతి వేళ గడప బయటే నిలబడేవాడు. ఒకనాటి పొద్దున అడిగాడు: "అయ్యా, ఆ ఆరేండ్ల మరక ఎట్ల పోతది? అది పోకుండ దేవుని ముందర ఎట్ల నిలబడాలె?"

"సత్తెమ్మ వచ్చింది. మంచినీళ్లియ్యి," అన్నారు దాసుగారు.

సత్తెమ్మ శాలిబండలో పూలమ్ముకునే ముసలమ్మ. మనవరాలికి నర్సు చదువులో సీటొచ్చింది. ఫీజు కట్టడానికి ఆ సాయంత్రమే గడువు. అత్త ఇచ్చిపోయిన నిజాం కాలపు వెండి రూపాయలు ఎనిమిది కొంగున కట్టుకుని అమ్మడానికి బయల్దేరింది. దారిలో దాసుగారికి దండం పెట్టి పోదామని ఆగింది. మూట విప్పితే అన్నీ నల్లగా ఉన్నాయి.

అమ్మలారా, మీకు తెలియనిదా, మరక కనపడితే చెయ్యి ఊరుకోదు. "గింత నల్లగుంటే ఎవడు కొంటడవ్వా? ఇటియ్యి," అని పెంటయ్య చింతపండు ముందేసుకుని కూర్చున్నాడు. ఏడు రూపాయలు తళతళలాడాయి. ఎనిమిదోది అందుకోబోతుంటే దాసుగారు అడ్డొచ్చారు.

"ఉన్నదే పిడికెడు. మిగిలింది చారుకుంచు నాయనా. అవ్వకు తోడు పో."

పాత నాణేలు కొనే ఖాదర్ సాబు భూతద్దం పెట్టి చూసి, ఏడింటినీ పక్కకు జరిపాడు. "వీటికి స్నానం ఎవరు చేయించిన్రమ్మా? సేకరించేటోళ్లు ఇగ వీటిని ముట్టరు. తూకమేసి ఉత్త వెండి ధర ఇస్త."

అది ఫీజులో పావు వంతుకు కూడా రాదు. పెంటయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. ఆ పిల్ల చదువును తన చేత్తోనే తోమేశాడు.

సత్తెమ్మ సిగ్గుపడుతూ ఎనిమిదోది బల్ల మీద పెట్టింది. "ఇదొక్కటి కడగలేదు సాబూ. ఏమనుకోకు."

ఖాదర్ సాబు దాన్ని అంచులు పట్టుకుని వెలుగుకు తిప్పాడు. నలుపులో నీలం, నీలంలో ఎక్కడో బంగారు ఛాయ. అచ్చుపడిన సంవత్సరం చదివి, భూతద్దం తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఈ ఏటిది నా కంట పడి పదేండ్లాయె. ఈ నలుపు నేను పుయ్యలేను, నువ్వు పుయ్యలేవు. నూరేండ్లు పుయ్యాలె."

అతనిచ్చిన ధరలో ఫీజు పోగా పుస్తకాలకూ మిగిలింది. సత్తెమ్మ ఆ సొమ్ము కళ్లకద్దుకుని, తలెత్తని పెంటయ్య గడ్డం పట్టుకుంది. "ప్రేమతోనే తోమితివి గద బిడ్డా. దేవుడు చింతపండు తక్కువిచ్చిండు, ఇంకేం గావాలె?"

పెంటయ్య తిరిగొచ్చేసరికి హారతి వేళ. దాసుగారు వండిన చారు నైవేద్యానికి సిద్ధంగా ఉంది. గిన్నె పట్టుకుని, జరిగిందంతా చెప్పి, అలవాటుగా గడప దగ్గరే ఆగాడు.

"లోపలికి తీసుకురా నాయనా," అన్నారు దాసుగారు. "ఉన్న చింతపండంతా ఆ చారులోనే వేశాను. నిన్ను తోమడానికి మిగల్లేదు."