శబ్దం ఆగిన తర్వాత

పరిశోధన దేనిమీద అని ఎవరైనా అడిగితే మహానందికి నామోషీగా ఉండేది. మానసిక వైద్యంలో బంగారు పతకం తెచ్చుకుని, విశాఖలో కొండవాలు మీదున్న మెదడు పరిశోధనశాలకు ఎస్తేరురాణి మేడమ్ దగ్గర శిష్యరికానికి వచ్చినవాడు. తోటివాళ్లందరికీ మెదడు కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయన్న అంశాలు దొరికాయి. అతనికి మాత్రం ఆ మాట అయిపోయాక చేసే పని వచ్చింది.

ఒక కణం పక్క కణాన్ని తట్టిలేపడానికి గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంది. తట్టడం కాగానే దాన్ని అక్కణ్ణుంచి ఎత్తేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. అతని అంశం అవే. మెస్సులో స్నేహితులు చీపురు డాక్టరని పిలిచేవారు. పైకి నవ్వేవాడు గానీ కంచం ముందునుంచి త్వరగా లేచిపోయేవాడు.

అతని చెల్లెలు హేమావతి ఉద్యోగ పరీక్ష రాయడానికి నంద్యాల నుంచి వచ్చి అతని దగ్గరే ఉండేది. ఆ పిల్లకి గ్యాస్ కట్టానా లేదా అన్న అనుమానం తీరదు. వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోతుంది, నాబ్ ముట్టుకుని చూస్తుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. దానికి మందులు కూడా వాడుతోంది. పరీక్షరోజు పదకొండోసారి తలుపు తాళం తీస్తుంటే మహానంది అరిచేశాడు.

"అంతా నీ చేతిలోనే ఉంది. ఆపెయ్, అంతే."

పరీక్షకి వేళ దాటిపోయింది. హేమావతి మర్నాడే నంద్యాల రైలెక్కింది. వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. అన్నే చెప్పాడు కదా నా చేతిలో ఉందని, అంటూ పిల్ల మందులు మానేసిందట. స్టవ్ దగ్గర్నుంచి కదలడం లేదట, నిద్ర కూడా అక్కడేనట.

మహానంది ఇదంతా మేడమ్‌కి చెప్పుకున్నాడు. సగం బాధ, సగం మొండితనం.

"జబ్బని నాకు తెలుసు మేడమ్. అయినా గట్టిగా అనుకుంటే ఇంత చిన్నదాన్ని ఆపుకోలేదా?"

ఆవిడ లేచి, చెప్పులు బయట విడిచి, ప్రయోగాల గదిలోకి నడిచింది. అతను వెనకే వెళ్లాడు.

అక్కడ మైక్రోస్కోపు కింద ఎలుక మెదడులోంచి తీసిన పలుచటి పొర ఒకటి పారే ఉప్పునీళ్లలో ఇంకా బతికే ఉంది. ఒక కణానికి సన్నటి గాజుసూది ఆనించి ఉంది. ఆ కణం పలికితే స్పీకర్లో వినిపిస్తుంది. మేడమ్ పక్క కణాల్ని తట్టిలేపే మీట నొక్కింది. చిటపటమని చప్పుడై, వెంటనే ఆగిపోయింది.

"నీ రికార్డుల్లో ఈ ఆగిపోయిన తర్వాతి భాగాన్ని ఏం చేస్తున్నావు?"

"కత్తిరించి పారేస్తున్నాను మేడమ్. అక్కడేమీ ఉండదు కదా."

ఆర్నెల్లుగా ప్రతి రికార్డులోనూ అతను చేస్తున్నది అదే.

ఆవిడ ఒక చిన్న సీసా తీసి, అందులోని మందు పారే నీళ్లలో కలిపింది. ఆ ఎత్తేసే ప్రోటీన్లను కట్టిపడేసే మందు అది. అది పొరలోకి ఇంకేదాకా ఆగింది. తర్వాత అదే మీటను అంతే మెల్లగా నొక్కింది.

చిటపట మొదలైంది. ఆగలేదు. ఎండుతాటాకులకి నిప్పంటుకున్నట్టు గదంతా అదే చప్పుడు. మహానంది చేయి స్పీకరు వైపు పోయింది. మేడమ్ వద్దన్నట్టు తల ఊపి, సూదికింద ఉన్న కణాన్ని చూపించింది.

"ఆపెయ్ అని చెప్పు దానికి."

మహానంది చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ మళ్లీ మందు కలపని ఉప్పునీళ్లు వదిలింది. అరగంట పట్టింది. నొక్కినప్పుడల్లా చప్పుడు కొంచెం కొంచెం కురచై, చివరికి చిటుక్కుమని ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దం విని మహానందికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నాళ్లూ ఖాళీ అని అతను పారేసింది ఇదే. కంటికి ఆనని సందుల్లో, లెక్కకు అందనన్ని చోట్ల, ఎవరూ చూడకుండా, ఎవరి మెప్పూ అడగకుండా ఆ ప్రోటీన్లు ఎత్తిపోస్తూ ఉంటేనే ఈ కాస్త నెమ్మది. తను ఈ క్షణాన నిలబడి ఒక్క ఆలోచన ముగించి ఇంకో ఆలోచనలోకి పోగలుగుతున్నాడంటే, తన తలలోనూ ఆ పని జరుగుతున్నట్టే. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

"మా చెల్లికి చెడింది ఇదేనా మేడమ్?"

"తెలీదు. ఇంకా ఎవరికీ తెలీదు. అందుకే నీకు ఈ పని ఇచ్చాను."

వరండాలోకి వచ్చి నంద్యాలకు ఫోన్ చేశాడు. హేమావతే ఎత్తింది.

"నీ చేతిలో ఉందన్నాను చూడు, అది తప్పమ్మా. నాకు తెలీక అన్నాను. నేను రేపు బయల్దేరి వస్తున్నా."

అవతల ఏ చప్పుడూ లేదు. మామూలుగా అయితే లైను పోయిందనుకుని పెట్టేసేవాడు. ఈసారి ఫోను చెవికి ఆనించుకుని వింటూ నిలబడ్డాడు.

చాలాసేపటికి చెల్లెలి గొంతు వచ్చింది.

"అన్నా, మాత్ర ఇప్పుడే ఏసుకోనా, అన్నం తిన్నాకనా?"