నూకాలు అంగలతో వేసిన ఊరు

ఊఁ కొట్టాలి మరి. మీరు ఊఁ అంటేనే నా నోట్లోంచి కథ ఊడిపడుతుంది. అనగనగా ఒక ఊరుందట. ఊరంటే ఎంత, ఒకటే వీధి. ఈ చివర బడి, ఆ చివర ముగ్గురాయి దంచుకునేవాళ్ళ పాకలు. ఆ పాకల్లో నూకాలని ఒక పిల్ల. రెండో తరగతి.

ఆ బడికి పంతులమ్మ వరాలు. ఊరి పెద్దకాపు శరభయ్యకి కోడలే. కోడలు బంగారం, మావగారు మాత్రం... చెప్తా చెప్తా, తొందరపడకండి.

దసరా సెలవులయ్యాక ఆ వరాలు పిల్లలకి ఊరి పటం వెయ్యడం నేర్పింది. పుస్తకంలో చూసి కాదమ్మా, కాళ్ళతో! పొద్దున్నే సూర్యుడికెదురుగా నిలబెట్టి, ముందున్నది తూర్పు, వీపు వెనకది పడమర అని చెప్పింది. ఆపైన వీధంతా అంగలు వేయించింది. అందరి అంగలూ ఒకటి కావు గదా! నూకాలు రోజూ బిందె మోసే పిల్ల, అంగ తప్పితే నీళ్ళు తొణుకుతాయి. అందుకని నూకాలు అంగే కొలత అని పిల్లలే తేల్చుకున్నారు. నూకాలు ముందు, వెనకాల ఇరవైమంది, బాతుపిల్లల్లాగా.

తర్వాత బడి అరుగు మీద పటం వేశారు. ఇళ్ళకి ముగ్గు, దారికి బొగ్గు, నీళ్ళున్నచోట నీలిమందు. నీలం ఎక్కడుందనుకున్నారు? ఊళ్ళో ఎక్కడా లేదు! పాకలు దాటి వెయ్యి అంగల అవతల, ఏట్లో ఉంది. తన పాకకి తనే ముగ్గు పోసి, గుమ్మంలో వాళ్ళమ్మని కూడా వేసింది నూకాలు. ఎంత ముచ్చటగా ఉందో!

ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా? ఇప్పుడే అసలు సంగతి.

ఇంతలో రాజుగారి మనిషి వచ్చాడు. రాజుగారు ఊరూరా పిల్లలు వేసిన పటాలు చూస్తున్నారు, నీళ్ళు లేనిచోట బావి తవ్విస్తారు అని చెప్పాడు. శరభయ్య ఏం విన్నాడు? రాజుగారు వస్తున్నారన్న ఒక్క ముక్క విన్నాడు, పరిగెత్తాడు! బడికొచ్చి పటం చూసి, ఇదేం ఊరు, పాకలూ దుమ్మూ, నా పరువు తీస్తారా అని ఎగిరాడు. పేడనీళ్ళు తెప్పించి అలికించేశాడు. పసిపిల్లలు నెల్లాళ్ళు నడిచి వేసిన పటం! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పట్నం నించి బొమ్మలు వేసేవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు మామిడితోట వేశారు, తోటలో నెమలిని వేశారు, నెమలి పక్కన వెండి గిలక బావి వేశారు, బావి పక్కన ఇంకో బావి వేశారు. పాకలు మాత్రం లేవు. నూకాలు లేదు, వాళ్ళమ్మా లేదు. ఇది మేమే వేశామని పిల్లల చేత వల్లె వేయించాడు. వరాలు అడ్డుపడితే, కోడలివి, నోరు మూసుకోమన్నాడు.

రాజుగారు వచ్చారు. నల్లటి గుర్రం, కోరమీసం. పటం చూసి ఆహా అన్నారు. ఇన్ని బావులున్న ఊరికి ఇంకో బావి ఎందుకు, పదండి పక్క ఊరికి అని వెనక్కి తిరిగారు. వెంట వచ్చిన బావి తవ్వేవాళ్ళు గడ్డపారలు భుజానికెత్తుకున్నారు కూడానూ!

అప్పుడు నూకాలు రాజుగారి దారికి అడ్డంగా నిలబడి, “రాజుగారూ, దాహంగా లేదా? ఆ వెండి గిలక బావిలో నీళ్ళు తాగి వెళ్ళండి!” అంది.

శరభయ్య మొహం పాలిపోయింది. వరాలు వినయంగా, “అవును మావయ్యగారూ, మీరే దారి చూపించండి” అంది.

నడిచారు. ఎర్రటి ఎండ. తోట ఉండాల్సినచోట తోట లేదు, తుమ్మముళ్ళు. నెమలి ఉండాల్సినచోట నెమలి లేదు, శరభయ్యగారి దున్న. బావి ఉండాల్సినచోట బావి లేదు, బావి పక్కన బావీ లేదు. రాజుగారి నాలిక పిడచకట్టుకుపోయింది. పాకల దగ్గర నూకాలు వాళ్ళమ్మ చెంబెడు నీళ్ళిస్తే గటగటా తాగారు. ఇవి ఎక్కడివమ్మా అంటే, ఏట్లోవి అంది ఆవిడ.

మేం వేసిన పటం పేడనీళ్ళతో అలికించేశారని నూకాలు చెప్పేసింది. రాజుగారి కళ్ళెర్రబడ్డాయి. పిల్లలు వేసింది చెరిపేవాడు ఊరికి పెద్దా అని గర్జించారు. పటం మళ్ళీ వెయ్యమని పిల్లలకే చెప్పారు. మళ్ళీ అంగలు, మళ్ళీ ముగ్గు. ఏ ఇంటికీ మరీ దూరం కాకుండా బావి ఎక్కడుండాలో పిల్లలే లెక్కేసి చూపించారు. సరిగ్గా అక్కడే తవ్వితే, తియ్యటి నీళ్ళు!

మరి శరభయ్యో? రెండో తరగతిలో కూర్చోమన్నారు రాజుగారు. పలక పట్టుకుని, పంచె ఎగ్గట్టి, పిల్లల వెనకాల అంగలు లెక్కపెట్టేవాడట. ముప్పై దాటితే తడబాటే. “తప్పావు తాతా! మళ్ళీ బడి గుమ్మం దగ్గర్నించి రా!” అనేది నూకాలు. పాపం వెళ్ళేవాడు. ఏడాది తిరిగేసరికి అందరికన్నా బాగా లెక్కపెట్టాడట.

పిల్లలు చేసింది వంకరగా ఉన్నా సరే, దాని మీద పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదమ్మా. మీ అమ్మకీ చెప్పండి ఈ మాట, మీ పలకలు తనే దిద్దేస్తోంది!

కథేమో కంచికి బయల్దేరింది, మనమేమో దుప్పట్లోకి.