లప్పం వరాలమ్మ, పేరున్న గుంటలు

ఆముదాలపేటలో గోడలు పూసే కుటుంబాలు నాలుగున్నా, బుర్రున్న కుటుంబం తమదొక్కటేనని వరాలమ్మ నమ్మకం. మొగుడు బంగారయ్య తాపీ పట్టుకుంటే గోడ అద్దమయ్యేది. మరిది సన్నాసి అయిదో తరగతి దాకా చదివాడు, కాబట్టి సిమెంటు బస్తా మీద అక్షరాలన్నీ చదివేవాడు. వరాలమ్మ గోడ గుంటల్లో మెత్తే లప్పం కలిపేది, ఆలోచించేది.

"మన చేతికి గుంట తగిలితే బతకదే," అనేవాడు బంగారయ్య.

"బుర్రుండాలి మావా, చెయ్యి ఎవడికైనా ఉంటాది," అనేది వరాలమ్మ.

ఊళ్ళో కాలేజీ ఉంది. అక్కడ జంతుశాస్త్రం చెప్పే హైమవతి మేడం ఓ రోజు పొద్దున్నే వాళ్ళని పిలిపించింది. ల్యాబు గోడలు పెచ్చులూడిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం మూడు గంటలకి యూనివర్సిటీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన సంతకం పెడితేనే ల్యాబు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది.

"ఈ పని బాగా చేస్తే, కొత్త హాస్టలు గోడలన్నీ మీకే ఇప్పిస్తాను. వానలొచ్చేదాకా పనికి లోటుండదు," అంది మేడం. "నేను క్లాసుకి వెళ్ళొస్తాను. వచ్చేసరికి ఈ గదిలో ఒక్క గుంట కనిపించకూడదు."

హాస్టలంటే మూడంతస్తులు! వరాలమ్మ అంతస్తుకో వేలు మడిచి లెక్కేసుకుంది. ఏడాదిగా చిల్లర పనులే. మూడంతస్తులు చేజిక్కితే ఇక ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

పదకొండయ్యేసరికి గోడ నున్నగా తయారైంది. సామాను సర్దుకుంటుండగా సన్నాసి బల్ల దగ్గర ఆగిపోయాడు.

"వదినా, ఇక్కడ చాలా మిగిలిపోయాయి."

బల్ల మీద ఎముకలు, పుర్రెలు, బొమ్మలు వరసగా ఉన్నాయి. ప్రతి గుంట దగ్గరా చిన్న చీటీ అంటించి ఉంది. సన్నాసి కూడబలుక్కుని చదివాడు. మోచేతి ఎముక వెనక గుంటకి 'ఫోసా'. మెదడు బొమ్మ మీది గాడికి 'సల్కస్'. కోసి చూపించిన కన్ను బొమ్మలో, వెనకగోడ మీది చిన్న గుంటకి 'ఫోవియా'.

వరాలమ్మకి వెంటనే అర్థమైపోయింది. ఏ ఇంట్లోనైనా మేస్త్రీ ఏం చేస్తాడు? పూడ్చాల్సిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెడతాడు. మేడం చదువుకున్న మనిషి, సుద్దముక్కకి బదులు చీటీ పెట్టింది. అంతే!

"ఎంత పద్ధతైన మనిషో! కలపరా లప్పం," అంది.

ఇంకేముంది, ముగ్గురూ బల్ల మీద పడ్డారు. ఎముకల గుంటలు పూడ్చారు. గుర్రం దవడలో పళ్ళూడిన సందులు పూడ్చారు. కన్ను బొమ్మ చూసి బంగారయ్య నిట్టూర్చాడు. "పాపం, ఎవరిదో గాని, కంట్లో కూడా గుంట పడిపోయింది." దాన్నీ పూడ్చాడు.

మెదడు దగ్గర మాత్రం అరగంట పట్టింది.

"ఇదేటి మావా, అన్నీ బీటలే!"

"వానకి తడిసుంటాది."

లప్పం మెత్తి, తడిగుడ్డతో పాలిష్ పట్టేసరికి మెదడు గుమ్మడికాయలా నిగనిగలాడింది.

మేడం వచ్చింది. గోడ చూసి నవ్వింది. బల్ల చూసి కుర్చీలో కూలబడింది.

"నా మెదడేదీ?"

"అదిగోనండి, నున్నగా," అంది వరాలమ్మ గర్వంగా. "మీవి ఇంకేవైనా బీటలుంటే ఇప్పుడే చెప్పండి."

"ఓరి మీ తెలివి మండ! అవి పాడైన గుంటలు కావమ్మా, పుట్టుకతో వచ్చినవి! ఫోసా ఉండబట్టే చెయ్యి తిన్నగా చాపగలుగుతున్నాం. ఫోవియా ఉండబట్టే అక్షరం కనిపిస్తోంది. ఈ సల్కస్‌లు ఉండబట్టే అంత మెదడు ఇంత బుర్రలో ఇమిడింది!"

సన్నాసి తల తడుముకున్నాడు. "నా బుర్రలో కూడా బీటలున్నాయాండీ?"

"నాకు అనుమానమే," అంది మేడం. గడియారం చూసింది. ఒంటిగంట. ఆ పేర్లే అచ్చేసిన కొత్త చీటీల కట్ట ఒకటి సన్నాసి చేతిలో పెట్టింది. "లప్పం ఇంకా పచ్చిగానే ఉంది. ఈ గదిలో ఉన్న ప్రతి గుంటా మళ్ళీ బయటికి రావాలి. ప్రతి గుంటకీ దాని పేరు ఉండాలి. లేకపోతే నా ల్యాబూ లేదు, మీ హాస్టలూ లేదు!" అని అధికారికి ఎదురెళ్ళి తీసుకురావడానికి బయల్దేరింది.

ముగ్గురూ చెమటలు కక్కుతూ సూదులతో, పుల్లలతో లప్పమంతా తీశారు. చీటీలు మళ్ళీ అంటించారు. మెదడుకి గాళ్ళొచ్చాయి, కంటికి ఫోవియా వచ్చింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

"మరి గోడ గుంటల సంగతో?" అన్నాడు బంగారయ్య.

వరాలమ్మ ఆలోచించింది. "మేడంగారు ఏమన్నారు? ఈ గదిలో ప్రతి గుంటా అన్నారు. గోడ గదిలోది కాదా?"

అంతే! ఉలి, సుత్తి అందుకున్నారు. పొద్దున్న పూడ్చిన గుంట ఎక్కడుందో బంగారయ్యకి ఒక్కటీ మరుపు లేదు. అన్నీ తవ్వేశాడు. సన్నాసి పెద్ద గుంటకి 'ఫోసా' అని, పొడుగు బీటకి 'సల్కస్' అని, చిన్న సొట్టకి 'ఫోవియా' అని లప్పంతో చీటీలు అతికించాడు. ఆఖరికి ఒక్క ఫోవియా చీటీ మిగిలింది. గదంతా వెతికినా పేరులేని గుంట దొరకలేదు.

"ఒకటెక్కడో ఉండిపోయింది వదినా."

వరాలమ్మకి మూడంతస్తులూ ఆ ఒక్క గుంటలో పడిపోతున్నట్టనిపించింది.

సరిగ్గా మూడింటికి అధికారి త్రివిక్రమరావు వచ్చాడు. నవ్వెరగని మనిషి. బల్ల చూశాడు, తలాడించాడు. గోడ చూశాడు. వెనక మేడం ముఖం గోడకన్నా తెల్లబడింది.

ఆయన గోడ దగ్గరికెళ్ళి ఒక్కో చీటీ చదివాడు. "పెద్దది ఫోసా... పొడుగుది సల్కస్... ఆహా! ఎమ్మెస్సీ పిల్లలు కూడా ఇవి తారుమారు చేసేస్తారు. గోడ మీద పెట్టి నేర్పిస్తున్నారా? భలే ఆలోచనమ్మా!" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. మేడానికి ఊపిరొచ్చింది.

అప్పుడాయన నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చక్కటి సొట్ట పడింది.

"దొరికిందిరా!" అని కేకేసింది వరాలమ్మ. సన్నాసి చేతిలో చీటీ లాక్కుని, వెనక ఇంత లప్పం రాసి, ఆయన బుగ్గ మీద ఫట్‌మని అంటించింది.

పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది. ఆయన బయటికి వెళ్ళిపోయాడు. మేడం గుమ్మం కేసి వేలు చూపించింది.

ముగ్గురూ సామాను నెత్తినెత్తుకుని బయటికొచ్చారు.

"తప్పాయనదే. గుంటున్నవాడు పేరు లేకుండా గదిలోకి రావచ్చా?" అన్నాడు బంగారయ్య.

"కాదు మావా, తప్పు నాదే," అంది వరాలమ్మ. తెలివైన మనిషి గనక తప్పు ఒప్పుకుంది. "ఆయనకి పేరు నచ్చలేదు. ముందే పూడ్చేసుంటే పేరుతో పనేముంది?"

గేటు దగ్గర అధికారి కారు ఇంకా కదల్లేదు. అద్దం దించి ఉంది. ఆయన బుగ్గ తుడుచుకుంటున్నాడు.

వరాలమ్మ కొంగు బిగించి, లప్పం గిన్నె చంకనెత్తుకుంది.

"తాపీ ఇలా పట్రా సన్నాసీ, పరిగెత్తు!"