చెప్పిన గడ్డి, చెప్పని గడ్డి

అనగనగా ఒక కొండ. కొండపైన ఒక రాజ్యం, కొండకింద ఒక రాజ్యం.

పైరాజ్యంలో తెల్లని ఇసుక ఉండేది. దాన్ని కరిగించి గాజు ముద్దలు చేయడం అక్కడివాళ్ళకు వచ్చు. ఆ ముద్దల్ని గాజులుగా తిప్పే చేతులు మాత్రం కిందిరాజ్యంలోనే ఉండేవి. అందుకని ముద్దలు కొండ దిగేవి, గాజులై కొండ ఎక్కేవి. పైరాజ్యంలో ఏ పెళ్ళికూతురి చేయి కదిలినా కిందిరాజ్యం గాజులే గలగలలాడేవి.

ఇద్దరు రాజులూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఈ సరుకుకు పోతూ, వస్తూ సుంకం లేదు. కనుమ దగ్గర ఉన్న సుంకం చావడిలో, గంపలో ఏమేం ఉన్నాయో ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఇంత సులువైన షరతు పెట్టినా తప్పేవాళ్ళుంటారా అంటారేమో. ఉంటారు మరి, వినండి.

కిందిరాజ్యంలో గాజుల వీధి అని ఒకటుండేది. వీధి పొడుగునా బట్టీలే. వీధివాళ్ళ గాజులన్నీ పోగుచేసి కొండపైకి తీసుకెళ్ళేది పేరమ్మ అనే ఆవిడ. వాళ్ళతోపాటే వరదయ్య అనే పెద్ద వర్తకుడూ గాజుల వ్యాపారం చేసేవాడు. ఆయన గంపలమీద జరీ అంచు గుడ్డ కప్పి ఉండేది. లోపలి సరుకుకన్నా ఆ గుడ్డకే గౌరవం ఎక్కువ.

ఒక ఏడు పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. పేరమ్మ గాజుల్ని వరిగడ్డిలో పొదిగి, గాడిదలకెత్తి కనుమ చేరింది. పైరాజ్యం సుంకరి గోపణ్ణ గంపల ముందు నిలబడ్డాడు.

"ఒక కొత్త ఆజ్ఞ వచ్చింది, వినండి. కిందిరాజ్యం వరికి కాండం తొలిచే పురుగు పట్టిందట. గడ్డిలో దాక్కుని వస్తుందని మా రాజుగారి భయం. గడ్డి తెస్తే ఇక్కడే కాల్చేస్తాం. గంపల్లో ఏమున్నాయి?"

వరసలో ముందున్న వరదయ్య గుడ్డ సర్దుకుని, "గాజులు" అన్నాడు. గోపణ్ణ నమస్కారం పెట్టి దారి వదిలాడు.

వరదయ్య వెళుతూ వెళుతూ పేరమ్మ చెవిలో, "గడ్డి కూడా ఒక సరుకేనటమ్మా? గాజులని చెప్పి వచ్చేయ్" అన్నాడు.

పేరమ్మ గంపల్లో ఉన్నది వీధివాళ్ళందరి తిండి. అయినా నోటికి అబద్ధం రాలేదు. "గాజులున్నాయి. గడ్డీ ఉంది నాయనా" అంది.

గోపణ్ణ గడ్డంతా తీయించి చావడి ముందే మంట పెట్టాడు. ఒట్టి గంపల్లో గాజులు కొండ ఎక్కాయి. పైరాజ్యం సంతకు చేరేసరికి సగానికి సగం పెంకులే మిగిలాయి. వరదయ్య గాజుల్లో మాత్రం ఒక్కటీ చిట్లలేదట. సంతంతా అదే మాట.

రెండోసారి పేరమ్మ ఏటి ఇసుకలో గాజులు పొదిగింది. గాడిద సగం దారిలో కూర్చుంది, లేవనంది. ఎలాగో బతిమాలి చావడికి తెస్తే గోపణ్ణ జల్లెడ తెచ్చి ఇసుకంతా జల్లించాడు.

"నాయనా, ఇసుకలో ఏం దొరుకుతుంది నీకు?"

"ఏమీ దొరకలేదని చెప్పాలన్నా వెతకాలి కదమ్మా" అన్నాడు గోపణ్ణ.

పొద్దు గుంకింది. సంత వేళ దాటిపోయింది. పేరమ్మ చావడి అరుగుమీద కూర్చుని కంటతడి పెట్టుకుంది. ఎదురుగా పైరాజ్యం గొల్లలు గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్నారు. మంచి ఉన్ని మూటకట్టి, పల్లేరుకాయలు అంటుకున్న ముతక ఉన్ని అవతల పారేస్తున్నారు. పేరమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ పారేసేదంతా అడిగి తీసుకుని ఇంటికి మోసుకెళ్ళింది.

మూడోసారి ఆ ఉన్నిలో గాజులు పొదిగి తెచ్చింది. "గాజులు, ఉన్ని, ఉన్నిలో కొన్ని పల్లేరుకాయలు" అని చెప్పింది.

గోపణ్ణ ఫక్కున నవ్వాడు. "ఉన్నీ మాదే, పల్లేరుకాయలూ మావే. పోనీలెమ్మా, పుట్టింటికి వస్తున్నాయి" అని గంపలన్నీ చూసి వదిలాడు. ఆ గాజులు ఒక్కటీ పగలలేదు.

హమ్మయ్య అనుకునేంతలో పైరాజ్యం పొలాల్లో వరికంకులు తెల్లబడ్డాయి. పట్టుకుంటే పొల్లు. పురుగు రానే వచ్చింది. పైరాజ్యం రాజుకు కోపం వచ్చి కనుమ మూయించాడు. ముద్దలు దిగడం ఆగింది, గాజులు ఎక్కడం ఆగింది. గాజుల వీధిలో బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పిల్లలకు గంజి పలచబడింది.

రాజు అందర్నీ సభకు పిలిపించి, "గడ్డి తెచ్చిందెవరు?" అని అడిగాడు.

వరదయ్య ముందుకొచ్చాడు. "మహాప్రభూ, గడ్డి తెచ్చానని తన నోటితో చెప్పింది ఈ పేరమ్మ ఒక్కతే. నేనెన్నడైనా గడ్డి మాటెత్తానేమో మీ సుంకరినే అడగండి."

"ఎత్తలేదు ప్రభూ" అన్నాడు గోపణ్ణ. "కానీ ఆమె చెప్పిన గడ్డిని నా చేతులతో కాల్చాను."

"కాల్చేలోగా ఎన్ని పోచలు జారిపడ్డాయో" అన్నాడు వరదయ్య.

సభంతా పేరమ్మ వైపు తిరిగింది. నిజం చెప్పినందుకే నేరం మీద పడుతోంది, ఎంత అన్యాయమో చూడండి. ఆవిడకు వీధిలో ఆరిన బట్టీలు గుర్తొచ్చాయి. రాజు ముందుకు వచ్చింది.

"మహారాజా, గడ్డి కాలిపోయాక నా గాజులు సగం పగిలాయి. అదే దారిన, అదే రోజున వచ్చిన వరదయ్యగారి గాజులు ఒక్కటీ పగల్లేదు. వాటిని దేంట్లో పొదిగి తెచ్చారో అడగండి."

"మా గంపలు గట్టివి" అన్నాడు వరదయ్య.

"సరే, చూద్దాం" అన్నాడు రాజు. వరదయ్య గంపలోనే ఒట్టి గాజులు పోయించి, గాడిదకెత్తి, కోట చుట్టూ ఒకసారి తిప్పించాడు. మూత తీస్తే అన్నీ పెంకులే.

వరదయ్య తల వంచాడు. గుడ్డ కింద గడ్డి తెచ్చాననీ, దాన్ని పైరాజ్యంలో తాను దిగిన సత్రం పశువులకు వేశాననీ ఒప్పుకున్నాడు. పురుగు మొదట కనిపించింది ఆ సత్రం పక్క పొలాల్లోనే.

గోపణ్ణ చేతులు కట్టుకున్నాడు. "పెద్దమనిషి కదా అని ఆ గుడ్డ ఎత్తి చూడలేదు ప్రభూ. ఆ తప్పు నాది."

"చెప్పిన గడ్డి కాలిపోయింది. చెప్పని గడ్డి ఊళ్ళోకి నడిచొచ్చింది" అన్నాడు రాజు. "ఇకమీదట ఎవరి గంపైనా గుడ్డ ఎత్తి చూడు. నా గంపైనా సరే."

వరదయ్యను రైతులకు అప్పగించాడు. పంట కాలమంతా జరీ గుడ్డ నడుముకు కట్టుకుని, పొలం పొలం తిరిగి తెల్లకంకులు పీకి తగలబెట్టాడాయన. తీర్పు చెప్పిన రోజే పేరమ్మ కోసం కనుమ తెరిచారు. ఆ సాయంత్రానికే గాజు ముద్దలు కొండ దిగాయి. గాజుల వీధిలో మళ్ళీ పొగ లేచింది, పిల్లల గంజి చిక్కబడింది. పురుగు కూడా మరుసటి ఏటికి తగ్గిపోయింది.

కాబట్టి పిల్లలూ, పొలిమేర దాటేటప్పుడు గంపలో ఉన్నదంతా చెప్పేవాళ్ళకు ఆలస్యమైతే అవుతుంది గానీ, దారి ఎప్పటికీ మూసుకుపోదు.