గేదెల సావిడికి ఒకే గుమ్మం

అనగా అనగా, మరీ పాతకాలం కాదులే, గేదెల సావిట్లోకి కూడా కరెంటొచ్చాక, ఒక ఊళ్ళో వరహాలమ్మని ఒక అత్తగారు. ఇంటి తాళాల గుత్తి ఆవిడ బొడ్లోంచి కదిలేది కాదు. కోడలు సత్యవేణి కాపరానికొచ్చి ఏళ్ళయినా, బియ్యం గది తాళం కూడా అడిగి పుచ్చుకోవాల్సిందే. ఊ కొడుతున్నారా?

వరహాలమ్మ తమ్ముడికి ఆపరేషనైతే సాయానికి పట్నం వెళ్ళింది. వెళ్ళిందే కానీ ప్రాణమంతా చూడి గేదె మీదే. పోయిన ఈతలో దూడ అడ్డం తిరిగి దక్కలేదు మరి! పాపం, ఆవిడకి ముద్ద దిగదు.

సత్యవేణి సావిట్లో కెమెరా పెట్టించింది. ఇంట్లోంచి ఫోనులో చూస్తే గేదె కనపడుతుంది, పట్నంలోంచి చూస్తే ఏమీ లేదు. ఎందుకూ? ఇంట్లో రౌటరని ఒక పెట్టె ఉంది చూశారూ, అది కాపలావాడు. లోపలివాళ్ళు పిలిస్తేనే బయటివాళ్ళని రానిస్తాడు. పిలవకుండా వస్తే, ఎవరి కోసమొచ్చావో నాకు తెలీదు పొమ్మంటాడు. అత్తగారు తట్టడం, వాడు పొమ్మనడం. మళ్ళీ తట్టడం, మళ్ళీ పొమ్మనడం!

మొగుడు చిట్టబ్బాయి ఉన్నాడే, వెర్రిబాగులాడు, ఆ పెట్టె గుమ్మాలన్నీ బార్లా తీసేద్దామన్నాడు. దొంగలకీ అదే దారి కదయ్యా అంది సత్యవేణి. రౌటర్‌కి వేలకు వేలు గుమ్మాలు. అన్నీ మూసే ఉంచి, ఒక్క గుమ్మం చూపించి, ఇది తట్టినవాళ్ళని నేరుగా కెమెరా దగ్గరికి పంపమని చెప్పింది. కెమెరాకి గట్టి పాస్‌వర్డు పెట్టి అత్తగారొక్కరికే చెప్పింది. ఎంత తెలివో చూశారా!

హమ్మయ్య, గేదె కనపడింది! అంతలో కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ ఏమీ లేదు. ఆ రౌటర్ భోజనాల బంతిలో కూర్చోపెట్టే పెద్దమనిషిలాంటివాడర్రా. కరెంటొచ్చాక ఎవరు ముందొస్తే వాళ్ళకి ముందు పీట. కెమెరా పీట మీద ఇప్పుడు చిట్టబ్బాయి ఫోను కూర్చుంది! అత్తగారు తడితే, వాడు పాత పీట గుర్తునిబట్టి అక్కడికే పంపుతున్నాడు. సత్యవేణి ఊరుకుంటుందా? ఈ పీట కెమెరాదే, ఇంకెవరికీ ఇవ్వొద్దని వాడికి కట్టడి చేసింది. బంగారంలాంటి పిల్ల!

ఒక మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం పొలంలో ఉంటే, గేదె పడీ లేచీ అవస్థ పడటం పట్నంలో వరహాలమ్మ కంటపడింది. ఫోనులో కోడలికి కేకేసింది. సత్యవేణి పరుగున పశువుల డాక్టర్ని తీసుకొచ్చింది. దూడ కాలు లోపల మడతపడిందట. ఆయన సర్ది, మెల్లగా లాగాడు. బుజ్జి పెయ్యదూడ!

వరహాలమ్మ తిరిగొచ్చి, దూడని ముద్దులాడి, బొడ్లోంచి తాళాల గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది. తలుపు ఎవరికి తియ్యాలో, ఎవరికి తియ్యకూడదో నీకు తెలుసమ్మా, ఇక నీ దగ్గరే ఉండనీ అంది.

ఇంటికి కాపలా ఉండాలి, అయినవాళ్ళకి దారీ ఉండాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్ల దారి పట్టండి.